ఆదివారం భోజనాలు మొదలుపెట్టే ముందు, బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి వచ్చి ఏడాదన్నా కాలేదు, ఆదివారాలు ఫ్లాట్‌కి ముక్కూ మొహం తెలియని పదిమందిని పిలిచి అక్కడి వంటలు వండిపెడుతుందట, డబ్బులు కూడా తీసుకుంటుందట, నువ్వైనా చెప్పు అన్నాడు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. భయం ఒకవైపు, నేను ఆరేళ్ళు తిని బతికిన ఆ తిండిని మన ఇంటి పిల్ల కూకట్‌పల్లిలో వడ్డిస్తుందన్న గర్వం ఇంకోవైపు. ఫోన్‌లో అయితే ‘సరే అత్తా’ అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా, మొత్తం చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. తిండి అమ్మేవాళ్ళకి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకో. అపార్ట్‌మెంట్ వాళ్ళతో ముందే మాట్లాడు. మందు జోలికి పోకు, బల్ల దగ్గర ఒకరి క్షేమం ఒకరు కోరుకోవడానికి దానిమ్మ రసం చాలు. ఒక్కదానివే ఉన్నప్పుడు కొత్తవాళ్ళకి తలుపు తీయకు, మీ పిన్ని కొడుకుని తోడు ఉంచుకో.

వంట నీకు నేర్పక్కర్లేదు, అయినా స్పాస్‌తో మొదలుపెట్టమని మాత్రం చెప్తా. మనం మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతామో వాళ్ళు పెరుగు సూప్‌లో గుడ్డు, పిండి అందుకే కలుపుతారని చెప్పావంటే వచ్చినవాళ్ళు మొదటి గరిటెకే దగ్గరైపోతారు. పొంగు వచ్చేదాకా చెయ్యి ఆపకు, విరిగిపోతుంది. మాంసం తినని వాళ్ళకి పాసుత్స్ తోల్మా పెట్టు, క్యాబేజీ ఆకులో శనగలు, పప్పులు చుట్టి పెట్టే ఆ వంట అక్కడ ఉపవాసాల రోజుల్లోదని చెప్తే మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. హరీసా చేసిన రోజు హైదరాబాద్ బార్కస్‌లో హరీస్ తిన్నవాళ్ళు ఎవరో ఒకరు మసాలా ఏదీ అని అడుగుతారు. వేయకు. గోధుమ, మాంసం, ఉప్పు, పైన వెన్న, అంతే. 1915లో చంపడానికి వచ్చిన ఒట్టోమాన్ (టర్కీ) సైన్యానికి లొంగకుండా మూసా దాగ్ కొండెక్కి పోరాడిన ఆర్మేనియన్ ఊళ్ళవాళ్ళని ఫ్రెంచ్ ఓడలు వచ్చి కాపాడాయి, వాళ్ళ గుర్తుగా ఇప్పటికీ ప్రతి సెప్టెంబర్‌లో ఆర్మేనియాలో ముసాలెర్ అనే ఊళ్ళో రాత్రంతా పెద్ద పెద్ద కాగుల్లో హరీసా ఉడికించి వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. ఆ వంటకి మన నోటి కోసం మార్పులు చేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

2005 చలికాలం, యెరెవాన్‌లో నా చదువు రెండో సంవత్సరం. తెలుగు మాట చెవిన పడితే చాలు ప్రాణం లేచి వచ్చే రోజులు. సీనియర్ ఒక అక్క ఉండేది, మన వైపు ఆవిడే. నాకు జ్వరం వస్తే చారన్నం తెచ్చిపెట్టింది, వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడిలో సగం నాకిచ్చింది. ప్రతి ఆదివారం వాళ్ళ గదిలోనే భోజనం. అంత మంచి మనిషి ఏదైనా అడిగితే కాదనాలని ఎవరికి అనిపిస్తుంది? మొదట చిన్న చిన్న పనులు. తర్వాత నేను అద్దెకుండే ఇంటి ముసలావిడ గురించి మొదలుపెట్టింది, అద్దె ఎక్కువ తీసుకుంటోంది, నీ వెనక నవ్వుతుంది, నీకేం భాష వచ్చని, నీకు మేమే దిక్కు అని. నేను నమ్మాను బుజ్జీ. నెల రోజులు ఆ తాతిక్‌తో సరిగా మాట్లాడలేదు. (మొదట్లో తాతిక్ అంటే తాత అనుకునేదాన్ని, వాళ్ళకి అమ్మమ్మ అని నాకు ఆవిడే చెప్పింది.) పొద్దున్నే లవాష్ అనే పల్చటి రొట్టెలో చీజ్, పచ్చి ఆకులు చుట్టి నా తలుపు దగ్గర పెడుతూనే ఉండేది. నేను మాత్రం మొహం తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఆ తర్వాత ఒకరోజు అక్క చెప్పింది, తక్కువలో పెద్ద ఫ్లాట్ దొరికింది, అందరం కలిసి ఉందాం, శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టాలి, జూనియర్లు నీ మాట వింటారు కాబట్టి నువ్వే వసూలు చెయ్యి, ఇంకెవరికీ చెప్పకు, తెలిస్తే ఫ్లాట్ పోతుంది. నాకెందుకో మనసు ఒప్పలేదు, ఇంట్లో ఒకమాట అడుగుతానన్నాను. అప్పుడు ఆవిడ కోప్పడలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ‘నీకు జ్వరం వచ్చినప్పుడు నేను మా ఇంట్లో అడిగి వచ్చానా?’ అంది. ఆ ఒక్క మాటకి నేను ఆరుగురు పిల్లల దగ్గర తలా నూట యాభై డాలర్లు తీసుకుని ఆవిడ చేతిలో పెట్టాను. శుక్రవారానికి గది ఖాళీ, ఫోన్ లేదు, ఫ్లాట్ అసలు లేనే లేదు. ఆవిడని ఎవరూ ఏమీ అనలేకపోయారు, నన్ను అన్నారు. అందులో ఒక పిల్ల ఫీజు కట్టాల్సిన డబ్బు అది, ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మీ నాన్న కోటు కొనుక్కోమని పంపిన డబ్బు, పుస్తకాల డబ్బు, నా మెడలో గొలుసు, అన్నీ కలిపి రెండేళ్ళు తీర్చాను.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి తాతిక్ ఏమీ అడగలేదు. బట్టలో చుట్టి దాచిన ఎండు లవాష్ తీసి, నీళ్ళు చిలకరించి, గుడ్డ కప్పి, అది మెత్తబడేలోపు స్పాస్ వెచ్చబెట్టింది. ‘హాత్స్ కెరార్?’ అంది, రొట్టె తిన్నావా అని, మనం అన్నం తిన్నావా అన్నట్టే. నేను ఏడుస్తుంటే తల మీద చెయ్యేసి ‘త్సావెత్ తానెమ్’ అంది, నీ నొప్పి నేను తీసుకుంటా అని. నెల రోజులు నేను మాట్లాడలేదన్న సంగతి ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఆ అక్క మాత్రం గిన్నెడు చారన్నం లెక్క కూడా గుర్తుపెట్టుకుంది.

ఇదంతా ఎందుకంటే, నీకు ఎవరో పరిచయమయ్యారని, ప్రతివారం సీట్లన్నీ తనే నింపుతానని, పార్ట్‌నర్‌గా పెట్టుకోమని, రెండు రోజుల్లో చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటానని అన్నాడని మీ నాన్న చెప్పాడు. మంచివాడేమో, నాకు తెలియదు. ‘మా అత్తని అడిగి నెల తర్వాత చెప్తా’ అను. మంచివాడైతే ఆగుతాడు. ‘అప్పుడు నీకు అది చేశాను, ఇది చేశాను’ అని మొదలుపెడితే మాత్రం వెంటనే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. ఎవరికీ చెప్పకు అన్న సంగతైతే ముందు నాకే చెప్పు.

నువ్వూ రెండు పనులు చెయ్యకు. ఇంకా ఐదు సీట్లు ఉండగా ‘రెండే ఉన్నాయి’ అని పెట్టకు. 2023 సెప్టెంబర్‌లో ఆర్త్సాఖ్ (నాగోర్నో కరబాఖ్) అనే ఆర్మేనియన్ల ప్రాంతం నుంచి లక్షమందికి పైగా కట్టుబట్టలతో ఆర్మేనియాకి వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉండి దుప్పట్లు పంచావు. ఝెంగ్యాలోవ్ హాత్స్ వాళ్ళ రొట్టె, ఆకుకూరలన్నీ సన్నగా తరిగి కూరి కాల్చే ఆ రొట్టెని మన తోటకూర, కొత్తిమీరతో చేసి పెట్టు, ఎవరిదో చెప్పు, అడిగితే చూసింది చెప్పు. డబ్బు కోసం ఆ కన్నీళ్ళని ముందు పెట్టి పిలవకు.

ఇంత భయపెట్టి మళ్ళీ మనుషులకి దూరంగా ఉండమని మాత్రం చెప్పను. ఆ అక్క తర్వాత ఏడాది పాటు ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా తాగలేదు నేను, దానివల్ల పోగొట్టుకున్న స్నేహాలు గొలుసు కన్నా ఎక్కువ. నువ్వు బల్ల వెయ్యి. ఒంటరిగా వచ్చినవాళ్ళని చివర కూర్చోబెట్టకు, మధ్యలో కూర్చోబెట్టు.

నేను వచ్చేటప్పుడు తాతిక్ ఇచ్చిన రాగి జజ్వే పార్సిల్ చేస్తున్నా, అడుగున కాస్త నల్లబడింది, చింతపండుతో తోమి కాఫీ అందులోనే కాచు. మొదటి ఆదివారం ఒక కుర్చీ నాకు ఉంచు. మిగతావాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటావో నా దగ్గరా అంతే తీసుకో.

మీ అత్త