ముందు జాడ చూడు, తర్వాత మంచె కట్టు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పౌర్ణమి రాత్రి పక్క కమతం కుర్రాళ్ళతో అడవిపంది వేటకి వెళ్తానని మొన్న ఫోన్లో అన్నావు. వద్దన్నాను. సరే అన్నావు గానీ ఆ సరే నాకు గట్టిగా వినపడలేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాయితం మీద పెడుతున్నాను.

గోదావరి పాయల మధ్య లంకలో నువ్వు కౌలుకి వేసిన మొక్కజొన్న పాలు పోసుకునే వేళకి, తెల్లారేసరికి పదేసి సెంట్లు నేలమట్టమైతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో నాకూ మండింది. నలుగురం బల్లేలు, రెండు కుక్కలు పట్టుకుని లంకలోకి దిగాం. రెల్లు తలెత్తు ఉంది. కుక్కలు ముందుకి పోయి మొరిగాయి, తర్వాత తోక ముడిచి మా వైపే పరిగెత్తుకొచ్చాయి. వాటి వెనకే పంది. బల్లెం దించే లోపే నా ఎడమ పిక్క చీలిపోయింది. నా పిక్క చూసి నువ్వు చిన్నప్పుడు "మావయ్యా, ఇక్కడ చర్మం ఎందుకిలా ఉంది?" అని అడిగేవాడివి, గుర్తుందా? కోర ఇంకో జానెడు పైన తగిలి ఉంటే తొడ రక్తనాళం తెగి ఆ రాత్రే అయిపోయేవాణ్ణి. ఆ నలుగురిలో ఒక్కడికీ ఆ లంక తెలియదు. నువ్వూ ఇప్పుడు అలాగే దిగుతానంటున్నావు. భీమవరం వైపు చెరువుల గట్ల మీద పెరిగినవాడివి. గట్టు మీద నాలుగు దిక్కులూ కనిపిస్తాయి, లంకలో చీకటి పడితే నీ చెయ్యే నీకు కనపడదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపందిని చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టినా, ఎర వేసినా వేటే. పంటకి మరీ ప్రమాదమైతే అనుమతి ఇవ్వడం అటవీ శాఖ పైఅధికారుల చేతిలో ఉంది, మన పక్క కమతం కుర్రాళ్ళ చేతిలో లేదు. మా రోజుల్లో చట్టం అప్పటికే వచ్చింది, మా లంకలో ఎవడికీ తెలియదంతే. నీకు తెలియదనడానికి లేదు, ఇప్పుడు చెప్పాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. బోరు మోటారు లైను నుంచి చేను చుట్టూ కరెంటు తీగ లాగుదామని ఎవరైనా అంటే ఆ మాట అన్నవాడి గుమ్మం తొక్కకు. 230 వోల్టులకి పందీ మనిషీ తేడా తెలియదు. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళినవాడు, గేదెని వెతుక్కుంటూ వచ్చినవాడు పడతాడు. ఎరలో పెట్టే నాటుబాంబులూ అంతే, ఆవుల దవడలు పోతాయి. సోలార్ కంచె వేరు. అది సెకనుకోసారి రెప్పపాటు కొట్టి వదిలేస్తుంది, పట్టి ఉంచదు. డబ్బు కూడితే వచ్చే ఏడు దాని సంగతి చూద్దాం.

ఇక అసలు పని. నాలుగు రోజులు కాపలా మాట మర్చిపో. పొద్దున్నే, మంచు ఆరక ముందే చేను చుట్టూ నడువు. ఒండ్రు మెత్తగా ఉంటుంది కాబట్టి జాడ చక్కగా పడుతుంది. మేకకి రెండు గిట్టలే పడతాయి. పందికైతే ఆ రెండింటికీ వెనక, కాస్త పక్కకి, రెండు చిన్న గుంటలు కూడా పడతాయి. బురదలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. చిన్న జాడలు పెద్ద జాడలతో కలిసి ఉంటే పిల్లల తల్లులు గుంపుగా వస్తున్నట్టు. ఒక్కటే పెద్ద జాడ వరసగా ఉంటే అది ఒంటరి మగది. రెండింటికీ లెక్క వేరు.

నువ్వు నాటిన కంద దుంపలు పోయాయన్నావు కదా, అది పందే చేసిందని ఎలా అనుకున్నావు? పందికొక్కు అయితే పక్కనుంచి బొరియ తవ్వుకొచ్చి దుంప కొరుక్కుపోతుంది, పైన మట్టి పెద్దగా చెదరదు. పంది ముట్టెతో బోదె మొత్తం తిరగేస్తుంది, దున్నినట్టుంటుంది. కొత్తగా లంకకి వచ్చినవాళ్ళు పందికొక్కు చేసిన పనికి పందిని తిడుతుంటారు. నిద్ర పాడు చేసుకునే ముందు అది చూడు.

తర్వాత జాడ పట్టుకుని వెనక్కి నడువు, పగలే. ఏటి వైపు ఎక్కడో ఒకచోట బురద గుంట కనిపిస్తుంది, అందులో పొర్లుతాయి. పొర్లాక దగ్గరలో చెట్టుకి ఒళ్ళు రుద్దుకుంటాయి. ఆ బురద మచ్చ మోకాలి ఎత్తున ఉంటే మామూలుది, తొడ ఎత్తున ఉంటే దాని జోలికి పోకు. పగటిపూట అవి రెల్లు దుబ్బుల్లో, సర్కారు తుమ్మ పొదల్లో పడుకుంటాయి. జాడ పొదలోకి పోయిన చోట నువ్వు ఆగిపో. లోపలికి వెళ్ళి చూడాల్సిన అవసరం నీకేం లేదు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, చేలోకి ఏ మూలన దిగుతున్నాయో తెలిస్తే చాలు. దాదాపు ఎప్పుడూ ఒకటి రెండు దారులే వాడతాయి.

ఆ మూలకి కాస్త దూరంలో మంచె కట్టు. ఇక్కడే వేటకీ కాపలాకీ తేడా. పందికి చూపు తక్కువ, ముక్కు మాత్రం భలే పదును. వేటగాడు తన వాసన తగలకుండా గాలికి ఎదురుగా కూర్చుంటాడు. నువ్వు తిరగేసి కూర్చోవాలి, నీ మీద నుంచి వీచే గాలి పంది వచ్చే దారి మీదకి పోవాలి. సాయంత్రం సముద్రం వైపు నుంచి పైరగాలి వస్తుంది, అర్ధరాత్రి దాటాక పడమటి వైపు నుంచి తిరుగుతుంది. అందుకని రెండు చోట్లు చూసి ఉంచుకో. చుట్ట కాల్చేవాడు మంచె ఎక్కితే మంచిదని మా నాన్న అనేవాడు. కాపలాకి కాదు, తన చుట్టకి సాకు వెతుక్కుంటున్నాడని మా అమ్మ అనేది.

డబ్బా కొట్టడం, కేక వేయడం, టార్చిలైటు ఊపడం అన్నీ పనిచేస్తాయి, ఒకే వేళకి ఒకేలా చేయనంత వరకు. నేల మీద పడుకోకు, కట్లపాములుంటాయి. ఒక్కడివే కూర్చోకు.

గట్టు చుట్టూ రంగు చీరలు కట్టడం మంచి ఉపాయమే గానీ వారం పది రోజుల ముచ్చట. అలవాటు పడితే దాని కిందనుంచే దూరతాయి. మంగలి షాపులో వెంట్రుకలు తెచ్చి హద్దు వెంట చల్లితే మూతి పెట్టగానే ముక్కులోకి పోయి చిరాకు పడతాయి, కానీ మంచుకి తడిసి మట్టిలో కలిసిపోతాయి, మళ్ళీ మళ్ళీ చల్లాలి. ముళ్ళతీగ కడితే కింది వరస నేలకి జానెడులో ఉండాలి. పంది దూకడం కంటే దూరడానికే చూస్తుంది. వచ్చే పంటకి ముందుగానే చుట్టూ నాలుగు వరసల ఆముదం వేద్దాం, దాని వాసనకి లోపలి మొక్కజొన్న వాసన తెలియదు. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. రెండు మూడు కలిపి, మార్చి మార్చి వాడాలి.

ఎదురుపడితే? గుంపులో పిల్లలుంటే తల్లికీ పిల్లలకీ మధ్యకి పోకు. నిలబడి, మెల్లగా పక్కకి తప్పుకో, దానికి దారి వదులు. తప్పుకునే దారి లేని పంది మీదకొస్తుంది. వచ్చిందంటే చెట్టో మంచెనో ఎక్కు, సూటిగా పరిగెత్తకు. గాయమైతే పావుగంట సబ్బుతో కడిగి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళు. టీటీతో పాటు కుక్క కాటుకిచ్చే టీకా కూడా అడుగు. నేను అప్పట్లో పసుపు అద్ది నెల్లాళ్ళు మంచంలో పడ్డాను.

పాయ దాటడం సంగతి. కోటిపల్లికి దిగువన నీళ్ళకి పోటూ పాటూ ఉంటాయి. సాయంత్రం మోకాలి లోతున దాటిన చోటే అర్ధరాత్రి రొమ్ము లోతు కావచ్చు. నావవాణ్ణి అడక్కుండా రాత్రి దిగకు. ఇక ఆషాఢం నుంచి వరదల కాలం, కాపలా మాటే వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక వేస్తారు, ఆ కబురు వినగానే సామాను ఏటిగట్టు మీదకి చేర్చు. 13.75కి రెండోది, అప్పటిదాకా లంకలో ఉండకూడదు. 1986 వరదలో మా దిబ్బ మీద మేమూ, ఇరవై గేదెలూ, ఆ చివర రెండు పందులూ ఒక రాత్రంతా ఉన్నాం. ఎవరూ ఎవరి జోలికీ పోలేదు.

పోయిన పంటకి ఫొటోలు తీసి ఉంచు, జాడలు కూడా కనపడాలి. వ్యవసాయ సహాయకుడికి చూపించి, ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టు. కౌలుకి చేస్తున్నావు కాబట్టి సాగుదారు కార్డు అడుగుతారు. భూమి సొంతదారు సంతకం పెట్టడానికి నానుస్తున్నాడన్నావు, నేనొచ్చి మాట్లాడతాను.

ఆదివారం పొద్దున్న ఏరు దాటించే మొదటి పంటుకి వస్తున్నాను. మీ అత్త పాత చీరలు పన్నెండు మూట కట్టింది, అందులో ఒకటి నీ పెళ్ళికి కట్టుకున్నదట, దాన్ని మాత్రం ఏటి వైపు కట్టొద్దంది. వెదురు గడలు నువ్వు చూసి ఉంచు.

మీ మావయ్య