చిన్న ఖర్చుతో యుద్ధ చిత్రం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

యుద్ధ చిత్రం తీయడానికి కోట్ల రూపాయలు ఉండి తీరాలా అని గత నెల ఒక పాఠకుడు అడిగితే, అక్కరలేదని ఒక్క మాటలో సమాధానం రాశాను. ఆ ఒక్క మాట సరిపోలేదని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక అర్థమైంది. వాటిలో కొన్నింటికి ఈసారి వివరంగా సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి దేవరకొండ కోట మీద, చుట్టుపక్కల గుట్టల్లో పన్నెండు నిమిషాల యుద్ధ చిత్రం తీశాము. బొమ్మ తుపాకులు తెచ్చుకున్నాము, పేలుళ్లను కంప్యూటర్‌లో కలుపుకున్నాము. చూసినవారందరూ పిల్లల ఆటలాగా ఉందన్నారు. డబ్బు లేకపోవడమే దీనికి కారణమా?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

సమాధానం: డబ్బుకు ఇందులో పాత్ర లేదని అనలేను. అయితే మీరు ఉత్తరంతో పాటు పంపిన కథ ప్రకారం ఆ పన్నెండు నిమిషాల్లో మూడు దాడులు, ఒక హెలికాప్టర్, ఒక వంతెన కూల్చివేత ఉన్నాయి. వందల కోట్ల చిత్రంలో చూసినవాటినే నలుగురు మనుషులతో మళ్లీ చూపించాలనుకోవడం దగ్గరే చిత్రం దెబ్బతిన్నది. ప్రేక్షకుడు ఆ పెద్ద చిత్రాన్ని కూడా చూసే ఉంటాడు కనుక, మీ చిత్రం నడుస్తున్నంతసేపూ అతని మనసులో పోలిక నడుస్తూనే ఉంటుంది.

రెండవ సంగతి తుపాకులది. బొమ్మ తుపాకి అయినంత మాత్రాన నష్టం లేదు, దాన్ని నిజమైన తుపాకిలాగా వాడకపోవడం వల్లనే నష్టం. ఏకే తుపాకి ఆపకుండా కాలిస్తే నిమిషానికి సుమారు 600 తూటాల వేగంతో పేలుతుంది. దాని మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపి తుపాకికి తగిలించే పెట్టెలో, ఉండేవి 30 తూటాలే కాబట్టి, వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే మూడు సెకన్లలో అది ఖాళీ అవుతుంది. మీ కథానాయకుడు ఒక్కసారి కూడా మ్యాగజైన్ మార్చకుండా నిమిషాల తరబడి కాలుస్తూ ఉంటే, తుపాకి గురించి ఏమీ తెలియని ప్రేక్షకుడికి కూడా ఎక్కడో ఏదో కుదరలేదని తెలిసిపోతుంది. అతని తూటాలు అయిపోయేటట్లు చూడండి. జేబు తడుముకుని, వణికే వేళ్లతో చివరి మ్యాగజైన్ ఎక్కించుకునే ఆ కొద్ది సెకన్లలో, మీరు కంప్యూటర్‌లో కలిపిన పేలుళ్లన్నింటిలో లేని భయం కనిపిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక పేలుళ్లు. మీరు చూపించిన నారింజ రంగు మంట పెట్రోలు మండితే వచ్చేది. గ్రెనేడు పేలిన చోట ఎక్కువగా కనిపించేవి మట్టి, పొగ, ఎగిరే రాళ్లు. మన ప్రాంతంలో బావి తవ్వేటప్పుడు తోటాలు పెట్టి పేల్చడం చూసిన పెద్దవారిని ఎవరినైనా అడగండి. దూరాన నిలబడి చూసేవారికి ముందు మట్టి లేవడం కనిపిస్తుంది, ఆ తరువాత చప్పుడు వినిపిస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది గనుక, ఎదుటి గుట్ట మీద, అంటే అర కిలోమీటరు దూరంలో జరిగిన పేలుడు చప్పుడు సుమారు ఒకటిన్నర సెకను ఆలస్యంగా మీ సైనికుల చెవిన పడాలి. ఆ వ్యవధిని ఉంచి ఎడిటింగ్ చేసి చూడండి, మీ దేవరకొండ గుట్టలు ఒక్కసారిగా విశాలమవుతాయి.

తక్కువ డబ్బుతో నిలబడిన చిత్రాలు లేకపోలేదు. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైతే, శామ్యూల్ ఫుల్లర్ అనే అమెరికన్ దర్శకుడు ఆ యుద్ధం మీదే ‘ది స్టీల్ హెల్మెట్’ తీసి, 1951 జనవరికల్లా విడుదల చేశాడు. చిత్రీకరణ సుమారు పది రోజుల్లో ముగిసింది. కొరియాకు బదులు లాస్ ఏంజెలెస్‌లోని ఒక పార్కు, సైన్యానికి బదులు పాతికమంది కాలేజీ విద్యార్థులు, యుద్ధట్యాంకుకు బదులు ప్లైవుడ్ ట్యాంకు. కథలో ఎక్కువ భాగం ఒక బౌద్ధాలయంలో చిక్కుకున్న కొద్దిమంది సైనికుల మధ్యనే నడుస్తుంది. ఫుల్లర్ రెండవ ప్రపంచయుద్ధంలో పదాతి సైనికుడిగా పోరాడి వచ్చినవాడు. సైనికుడికి కాళ్లు ఎందుకు నొప్పి పెడతాయో, ఎవరి మీద ఎందుకు చిరాకు పడతాడో అతనికి స్వయంగా తెలుసు. చిత్రాన్ని నిలబెట్టింది ఆ ఎరుకే.

ప్రశ్న: పెద్ద ఖర్చుతో తీసిన యుద్ధ చిత్రంలో లేనిది, చిన్న చిత్రంలో ఉండగలిగేది ఏదైనా ఉన్నదా? లేక చిన్న చిత్రాన్ని జాలితో మెచ్చుకోవడమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

సమాధానం: జాలి అవసరం లేదండీ. ముందుగా మా నాయనమ్మ చెప్పిన సంగతి ఒకటి చెప్పనివ్వండి. 1948 సెప్టెంబర్‌లో భారత యూనియన్ సైన్యం విజయవాడ వైపు నుంచి సూర్యాపేట మీదుగా వస్తున్నప్పుడు, పట్టణానికి తూర్పున ఉన్న గుట్టల మీది నుంచి నిజాం సైన్యం ఎదురుకాల్పులు జరిపింది. తరువాత వెనక్కి తగ్గుతూ మూసీ వంతెనను ధ్వంసం చేసింది. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదువుకున్నవి. ఆ గుట్టలకు దగ్గరి ఊళ్లో అప్పటికి పన్నెండేళ్ల పిల్లగా ఉన్న మా నాయనమ్మ వీటిలో ఒక్కటి కూడా చూడలేదు. మిద్దె ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని రొట్టె చేస్తుంటే, ఎక్కడో చప్పుడైన ప్రతిసారీ దూలాల సందుల్లో నుంచి మట్టి రాలి జొన్నపిండిలో పడిందట. ఆమె మూడుసార్లు పైపైన పిండి తీసి పారేసింది. నాలుగోసారి వాళ్లమ్మ వచ్చి, "ఇగ చాల్ తియ్ బిడ్డా" అని పొయ్యిలో నీళ్లు పోసిందట. ఆమెకు తెలిసిన యుద్ధం అంతే. ఎనభై ఏళ్లు దాటిన తరువాత కూడా, ఆ పిండి పారేయవలసి వచ్చిందని చెప్పేటప్పుడు ఆమె గొంతు పట్టుకుపోయేది.

యుద్ధంలో ఉన్న మనిషికి యుద్ధం మొత్తం కనిపించదు. సైనికుడికి తన ముందున్న గట్టు, పక్కనున్న మనిషి, దూరపు చప్పుడు మాత్రమే తెలుస్తాయి. ఆకాశం నుంచి రెండు సైన్యాలనూ ఒకేసారి చూపగలిగే పెద్ద చిత్రానికి ఈ చూపులోని ఇరుకు తరచుగా చేజారిపోతుంది, చిన్న చిత్రానికి అది తప్పనిసరి అవుతుంది. 2009లో వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అయిన స్వర్ణ సింహం అందుకున్న ‘లెబనాన్’ చిత్రం దాదాపు అంతా ఒక ట్యాంకు లోపలే జరుగుతుంది. బయటి ప్రపంచం గన్నర్, అంటే ఫిరంగి పేల్చే సైనికుడు, చూసే గాజుకంటి లోనుంచి మాత్రమే కనిపిస్తుంది. దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 లెబనాన్ యుద్ధంలో స్వయంగా ఇజ్రాయెల్ ట్యాంకు గన్నర్. ఆ గుండ్రటి చట్రంలో ఒక ముఖం నేరుగా మనవైపు చూసినప్పుడు, దాని మీద తుపాకి గురిపెట్టి ఉన్నది మనమేనన్న సంగతి గుర్తుకు వచ్చి ఊపిరి ఆగుతుంది.

మన భాషలో 2017లో వచ్చిన ‘ఘాజీ’ 1971 యుద్ధకాలపు కథ. తారల భారీ చిత్రాలతో పోలిస్తే చాలా తక్కువ వ్యయంతో, ఎక్కువ భాగం జలాంతర్గామి సెట్‌లోనే తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. సముద్రం పైభాగాన్ని చూపిన దృశ్యాల కంటే, అందరూ ఊపిరి బిగబట్టి శత్రు నౌక చప్పుడు వింటున్న దృశ్యాలే దానికి బలమని నా అభిప్రాయం. బ్రిటిష్ చిత్రం ‘కజాకి’ ఇంకొక మెట్టు ముందుకు వెళ్లింది. 2006 సెప్టెంబర్‌లో అఫ్గానిస్తాన్‌లోని కజాకి డ్యామ్ దగ్గర బ్రిటిష్ సైనికులు పాత మందుపాతరల మధ్య చిక్కుకున్న వాస్తవ ఘటన దాని కథ. శత్రువుతో ముఖాముఖి పోరు లేకుండానే, ఎండిన వాగులో ఒక మనిషి తరువాతి అడుగు ఎక్కడ వేయాలన్న దాని చుట్టూ చిత్రం అంతా నడుస్తుంది. డిండి వాగు ఎండిన వేసవిలో మన పిల్లలు కూడా తీయగలిగిన దృశ్యాలవి.

ప్రశ్న: మా పట్టణానికి చెందిన కర్నల్ సంతోష్‌బాబు గారి మీద లఘుచిత్రం తీయాలని మా బృందం అనుకుంటున్నది. గల్వాన్‌లో తుపాకులు పేలలేదు కనుక ఖర్చు కూడా తక్కువే కదా?
– సూర్యాపేట

సమాధానం: మీ గౌరవభావాన్ని అర్థం చేసుకోగలను. అయినా ఇది మీ చేతిలో ఉన్న డబ్బుకు లొంగే కథ కాదని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. 2020 జూన్ 15 రాత్రి పద్నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తులో, గడ్డకట్టించే నది ఒడ్డున చైనా సైనికులతో జరిగిన ఘర్షణ అది. మన సైనికులు 20 మంది అమరులయ్యారు. తుపాకులు లేకపోయినా ఆ చలి, ఆ ఎత్తులో మనిషికి అందని ఊపిరి, ఆ చీకటి లేకుండా ఆ కథ లేదు. మూసీ ఒడ్డున చెమటలు కారుతున్న నటులకు ఉన్ని కోట్లు తొడిగి వాటిని చూపలేము. మహావీర చక్ర అందుకున్న వ్యక్తి చివరి క్షణాలను ఊహించి, ఆయన నోట మనం రాసిన మాటలు పెట్టడం ఇంకా బరువైన విషయం. కుటుంబం అనుమతి లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. సరిహద్దులో ఉన్న కొడుకు నుంచి రెండు రోజులుగా ఫోను రాని ఒక ఇంటి కథను, పేర్లన్నీ కల్పించి తీయండి. సూర్యాపేటలో పుట్టి పెరిగిన మీకు ఆ ఇల్లు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ప్రశ్న: పాత యుద్ధాల వీడియోలు కొని మధ్య మధ్య కలుపుకోవచ్చా?
– అచ్చంపేట

సమాధానం: హక్కులు కొనుక్కుంటే కలుపుకోవచ్చు, కానీ నేను సలహా ఇవ్వను. వెలుగు మారుతుంది, రంగు మారుతుంది, ఒక షాట్‌లో ఉన్న ట్యాంకు తరువాతి షాట్‌లో వేరే దేశపుది అవుతుంది. మీరు తీసిన భాగం ఎంత బాగున్నా ఆ అతుకు దగ్గర తేలిపోతుంది.

ప్రశ్న: సాయుధ పోరాటకాలంలో ఒక గ్రామం తనను తాను కాపాడుకున్న కథను నలభై మందితో తీయాలని మా కోరిక. నలభై మందితో ఊరు ఊరంతా కదిలినట్లు చూపగలమా? శత్రువులుగా కూడా మా వాళ్లనే వేయవలసి వస్తున్నది.
– నాటక బృందం సభ్యురాలు, భువనగిరి

సమాధానం: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మీదే. మీ ప్రశ్నలో చిన్న చిత్రాల నిజమైన బలహీనత ఉన్నది. మంచు, హెలికాప్టరు లేకపోతే కథ మార్చుకోవచ్చు, కానీ కొన్ని చరిత్రల్లో జనసంఖ్యే అసలు విషయం. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లినే తీసుకోండి. వడిసెలలు (రాళ్లు విసిరే తాళ్లు), గుత్పలతో (లావు కర్రలతో) ఊరును కాపాడుకుంటూ, బురుజు మీద కాపలా ఉంచి నిజాం పక్షపు సాయుధులైన రజాకార్లను ఎదిరించిన ఆ గ్రామం మీద 1948 ఆగస్టు 27న జరిగిన దాడిలో ఎనభై మందికి పైగా చనిపోయారు. దాన్ని అయిదారుగురు వీరుల సాహసంగా చూపితే ఎవరూ అబద్ధం చెప్పకుండానే అబద్ధం చెప్పినట్లవుతుంది. తక్కువ మందితో తీసే చిత్రానికి తెలియకుండానే ఈ తప్పు జరుగుతుంది, ఎందుకంటే కెమెరా ముందు ఉన్న నలుగురే చరిత్ర నడిపినట్లు కనిపిస్తారు.

దీనికి పూర్తి విరుగుడు నాకు తెలిసి లేదు, తగ్గించుకునే మార్గాలు మాత్రం ఉన్నాయి. బురుజు మీద కాపలా ఉన్న ఇద్దరి దగ్గరే కెమెరా ఉంచి, కింద ఊరిని చెవులకు వినిపించండి. రోకళ్ల చప్పుడు, ఒక వాడ నుంచి ఇంకొక వాడకు అందుకునే కేకలు, వడిసెల గిరగిరా తిరిగే సవ్వడి, పశువుల అరుపులు కలిస్తే నలభై మంది గొంతులు నాలుగు వందల గొంతులవుతాయి. ఊళ్లో వారినే నటింపజేయండి. అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం మీద 1966లో వచ్చిన ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ చిత్రంలో దాదాపు అందరూ వృత్తి నటులు కానివారే, ఆ పోరాటంలో నాయకుడిగా పనిచేసిన సాదీ యాసెఫ్ కూడా అందులో నటించాడు. మన తెలంగాణ పోరాటం మీద గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’కి కూడా బలం పల్లెల నుంచే వచ్చింది. గొంగడి భుజాన వేసుకోవడం చిన్ననాటి నుంచి అలవాటైన మనిషి నిలబడే తీరును ఏ శిక్షణా నేర్పలేదు.

శత్రువుల సంగతి. ముఖానికి రుమాలు కట్టుకుని వచ్చి కాల్చగానే పడిపోయే శత్రువు ఈ చిన్న చిత్రాలన్నింటిలోనూ కనిపించే లోపం. ప్రసిద్ధ అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ తన మొదటి చిత్రం ‘ఫియర్ అండ్ డిజైర్’లో శత్రు అధికారుల పాత్రలను కూడా తన కథానాయక బృందంలోని నటులతోనే వేయించాడు. కూబ్రిక్ తరువాత ఆ చిత్రాన్ని తనదిగా చెప్పుకోవడానికి ఇష్టపడలేదు, చిత్రంలో లోపాలు కూడా చాలా ఉన్నాయి. అయినా చంపినవాడు, చచ్చినవాడు ఒకే ముఖంతో కనిపించే ఆ క్షణం మాత్రం మరుపురాదు. మీ కథలో రజాకార్లతో కలిసినవాడు పక్క వాడకు చెందినవాడే, చిన్నప్పుడు కలిసి ఈత నేర్చుకున్నవాడే అయితే, మీ వాళ్లనే వేయడం లోటుగా కనిపించదు. అతనికి ఒక్క మాట మాట్లాడే అవకాశం ఇవ్వండి.

ప్రశ్న: సైనిక దుస్తులు, బొమ్మ తుపాకులు వాడటానికి అనుమతులు కావాలా? దుస్తులు హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుందా?
– నాగర్‌కర్నూల్

సమాధానం: సైనికుడు కానివారు, సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం నేరం. నటనలో ఆ ఉద్దేశం లేకపోయినా, దూరం నుంచి చూసిన గ్రామస్థులకు ఆ సంగతి తెలియదు. చిత్రీకరణ జరిగే రోజులు, స్థలం, మనుషుల సంఖ్య రాసి ముందుగానే స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇవ్వండి, సమీప గ్రామంలో కూడా చెప్పండి. నల్లమల అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టవద్దు. భారత సైన్యం ఇతివృత్తంగా ఉండే చిత్రాలకు, వెబ్ సిరీస్‌లకు ముందుగా నిరభ్యంతర పత్రం తీసుకోవాలని 2020లో రక్షణ శాఖ సెన్సార్ బోర్డుకు లేఖ రాసింది, అది కూడా గుర్తుంచుకోండి.

దుస్తులు అద్దెకు తెచ్చుకోవచ్చు, అయితే ఇస్త్రీ మడతలతో కెమెరా ముందుకు తీసుకుపోవద్దు. వారం ముందే తెచ్చి, ఎవరి జత వారికి ఇచ్చి, అవే తొడుక్కుని గుట్ట ఎక్కించి, రాళ్ల మీద కూర్చోబెట్టి, సాధన అంతా వాటిలోనే చేయించండి. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర రంగు వెలిసిన తరువాత చిత్రీకరణ మొదలుపెట్టండి. బూట్లు మాత్రం అద్దెకు తీసుకోకుండా, ఎవరి పాదానికి సరిపోయేవి వారికి కొనండి, ఎందుకంటే బిగుతు బూట్లతో రెండవ రోజుకే నటులు కుంటడం మొదలుపెడతారు.