మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఎవరు?

ప్రశ్న: కెనడా ఫుట్‌బాల్లో (మనం కాలితో ఆడేది కాదు, అమెరికా తరహాలో బంతి చేత్తో పట్టుకుని ఆడేది) మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్, అంటే టీముని నడిపించే ఆటగాడు, వారెన్ మూనే అని మా ఫ్రెండ్ ఒకటే వాదన. నిజమేనాండీ?

జవాబు: కాదండీ. మూన్ గొప్ప ఆటగాడే, ఎడ్మంటన్ టీములో ఉండి 1978 నుంచి 1982 దాకా వరసగా 5 గ్రే కప్పులు, అంటే కెనడా ఛాంపియన్‌షిప్పులు, గెలిచాడు, ఎవరు కాదంటారు. కానీ అంతకు పాతికేళ్ల ముందే, 1951లో, కెనడా టీము హామిల్టన్ టైగర్-క్యాట్స్‌కి బెర్నీ కస్టిస్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఆయన అమెరికావాడు, సిరక్యూస్ యూనివర్సిటీలో స్టార్. ఆ ఏడాదే అమెరికా టీము క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని టీములు ఎంచుకునేటప్పుడు, తీసుకుంది, తీరా చూస్తే డిఫెన్స్‌లో సేఫ్టీగా, అంటే వెనక ఉండి ఎదుటివాళ్లని ఆపేవాడిగా, ఆడమన్నారు, ఈయనేమో నేను క్వార్టర్‌బ్యాక్‌ని అని ఒప్పుకోక కెనడా వెళ్లిపోయాడు.

ఇక్కడొకటి గమనించాలి. 1946లోనే హెర్బ్ ట్రావిక్ మాంట్రియల్ అలూయెట్స్‌కి ఆడాడు, ఆయనా అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ఆటగాడే, కానీ లైన్‌మన్, అంటే ముందు నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునే పని. క్వార్టర్‌బ్యాక్ అలా కాదు, బంతి ముందు ఆయన చేతికే వస్తుంది, విసరాలా, పక్కవాడికివ్వాలా, తనే పరిగెత్తాలా అనేది క్షణాల్లో తేల్చాలి, మిగతా 11 మందీ ఆయన చెప్పిన ప్రకారం కదలాలి. నల్లవాడు చెప్తే తెల్లవాళ్లు వినడం, అదీ అప్పట్లో అమెరికా టీములకి మింగుడుపడనిది.

ప్రశ్న: మరి కెనడాలో కస్టిస్‌కి అంతా సాఫీగానే జరిగిందా?

జవాబు: పూర్తిగా అని చెప్పలేం. మొదటి సీజన్లోనే ఆల్‌స్టార్‌గా, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్లలో ఒకడిగా, ఎంపికయ్యాడు, అయినా మరుసటేడాది క్వార్టర్‌బ్యాక్ నుంచి తీసేసి రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా, పెట్టారు! అంత బాగా ఆడినవాడిని ఎందుకు కదపాలి, నాకైతే ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆయన మాత్రం ఆట ఆపలేదు, 1953లో విన్నిపెగ్‌ని 12-6తో ఓడించి గ్రే కప్ గెలిచిన హామిల్టన్ టీములో ఉన్నాడు.

ఆ తర్వాత అమెరికా తిరిగెళ్లకుండా కెనడాలోనే టీచరయ్యాడు, ప్రిన్సిపాల్ అయ్యాడు, షెరిడన్ కాలేజీలోనూ మెక్‌మాస్టర్ యూనివర్సిటీలోనూ పిల్లలకి ఫుట్‌బాల్ కోచింగ్ ఇచ్చాడు. నన్నడిగితే ఆట కంటే ఈ పనే ఎక్కువ ఏళ్లు నిలిచింది. 1998లో కెనడియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, 2017లో కన్నుమూశాడు, రెండేళ్లకి హామిల్టన్‌లో కొత్తగా కట్టిన హైస్కూలుకి ఆయన పేరే పెట్టారు.