నెలవంక ఉదయిస్తుందా?

సందేహం: నేను రాసిన కథలో "సాయంత్రం ఆరున్నరకు ఆర్కే బీచ్‌లో కూర్చుంటే ఎదురుగా సముద్రంలోంచి నెలవంక ఉదయించింది" అనే వాక్యం ఉంది. కథ చదివిన ఒకాయన "నెలవంక ఉదయించదమ్మా, అస్తమిస్తుంది" అని నవ్వారు. నిజమేనా? పైగా చంద్రోదయం అనే మాట వింటాం గానీ చంద్రాస్తమయం అని ఎవరూ అనగా వినలేదు. అసలు ఆ మాట ఉందా? ఉంటే చంద్రాస్తమయమా, చంద్రాస్తమానమా? ఇంకొకటి, మా గోడ క్యాలెండర్‌లో ఒక తేదీకి చంద్రోదయం వేళ వెయ్యలేదు. అచ్చుతప్పేనా? (ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం)

సమాధానం: ఆయన నవ్వకుండా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినదాంట్లో సగం నిజం ఉంది.

ముందు ఆకాశం సంగతి. అమావాస్య దాటాక చంద్రుడు సూర్యుడి వెనకాలే నడుస్తాడు. శుద్ధ విదియ నాడు సూర్యుడు వచ్చిన గంటకో గంటన్నరకో ఆయనా తూర్పునే లేస్తాడు. కానీ ఎండ వెలుగులో మన కంటికి ఆనడు. పొద్దుగూకాక పడమట సన్నగా కనబడి, మరో గంటకో గంటన్నరకో దిగిపోతాడు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. కాబట్టి మీ పాత్రలు బీచ్‌లో సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే నెలవంక వాళ్ల వీపు వెనక, సింహాచలం కొండల వైపు ఉంటుంది. చందనోత్సవం జరిగే వైశాఖ శుద్ధ తదియ నాడు సాయంత్రం చూడండి, మబ్బు లేకపోతే అటే కనిపిస్తుంది. సముద్రంలోంచి నెలవంక రాదని కాదు. బహుళ త్రయోదశి ప్రాంతంలో తెల్లవారకముందు వస్తుంది. ఆ వేళకు మెలకువగా ఉండేది వేటకు బయలుదేరే మత్స్యకారులే.

ఇక మాట సంగతి. ఉదయం అంటే పైకి రావడం. సాయంత్రం పడమట కిందికి దిగుతున్న నెలవంకను పట్టుకుని "ఉదయించింది" అంటే పొసగదు. ఇంతవరకూ ఆయన మాటే సరైనది. అయితే తెలుగులో పొడవడం అనే క్రియ ఒకటి ఉంది. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది, నెల పొడిచింది అంటాం. ఇది ఉదయించడానికి అచ్చంగా సమానం కాదు. చీకటి పడగానే నడినెత్తిన కనబడిన చుక్కలను కూడా "చుక్కలు పొడిచాయి" అంటాం. అవి అప్పుడే తూర్పు అంచు నుంచి లేచాయని ఎవరూ అనుకోరు. అంతవరకు కనబడనిది కనబడింది, అంతే. అందుకే అమావాస్య తర్వాత మొదటిసారి పడమట కనబడే నెలవంకను నెలపొడుపు అన్నారు. రంజాన్ రోజుల్లో పత్రికలు "నెలవంక కనిపించింది" అని రాస్తాయి, అదీ బాగుంది. మీ కథలో "నెల పొడిచింది" అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే పాత్రల ముఖాలు కొండల వైపు తిప్పాలి. సముద్రమే కావాలంటే నెలవంకను వదిలి పున్నమి చంద్రుణ్ణి తెచ్చుకోండి. ఆయన పొద్దుగూకే వేళకే నీళ్లలోంచి లేస్తాడు.

మన చంద్రుడి మాటలు చాలావరకు సాయంత్రం ఆకాశం చూసేవాళ్లు పెట్టినవని నా అభిప్రాయం. కృష్ణపక్షాన్ని చీకటిపక్షం అంటాం, కానీ శుక్లపక్షంలో ఎంత వెన్నెల ఉంటుందో ఇందులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఆలస్యంగా వస్తుంది, మనం పడుకున్నాక వస్తుంది. పున్నమి తర్వాత చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యం చేస్తాడు. అట్లతద్ది నాడు (ఆశ్వయుజ బహుళ తదియ) ఆడపిల్లలు ఆయన కోసం కాస్త ఎదురుచూడాలి. సంకష్టహర చవితికి ఉపవాసం ఉన్నవాళ్లు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా డాబా మీదికీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటారు. కృష్ణాష్టమికి చంద్రోదయం దాదాపు అర్ధరాత్రే. వినాయక చవితి శుద్ధ చవితి కాబట్టి కథ తిరగబడుతుంది. పొద్దుగూకేసరికే ఆయన పడమటి ఆకాశంలో సిద్ధంగా ఉంటాడు, చూడకూడదనుకునేవాళ్లు తల దించుకుని తిరగాల్సిందే.

చంద్రాస్తమయం వినబడకపోవడానికీ ఇదే కారణం. పున్నమి చంద్రుడు తెల్లవారుతుండగా అస్తమిస్తాడు, బహుళ అష్టమి చంద్రుడు మిట్టమధ్యాహ్నం. ఎవరు చూస్తారు? ఆషాఢ పున్నమికి తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, రాత్రంతా సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాళ్లకు ఆ అవకాశం ఉంది గానీ ఆషాఢ మాసపు మబ్బులు చూడనివ్వాలి. మాట మాత్రం నిక్షేపంగా ఉంది. అస్తం అయం అస్తమయం, చంద్ర ముందు చేరితే సవర్ణదీర్ఘ సంధి. తెలుగులో కావాలంటే చంద్రుడు కుంకాడు, గుంకాడు అనవచ్చు.

అస్తమానం కూడా వాడుకలో ఉన్నదే, తప్పనను. కానీ మన వైపు "అస్తమానూ ఫోనేనా?" అంటే ఎప్పుడూ అనే అర్థం. పొద్దస్తమానం అన్నా, పొద్దుగూకులూ అన్నా అంతే. పొద్దు వాలే దాకా అనే భావం ముదిరి "ఎడతెరిపి లేకుండా" అయి కూర్చుంది. అందువల్ల చంద్రుడి విషయంలో అస్తమయం అని రాయడమే మేలు.

క్యాలెండర్‌లో అచ్చుతప్పు లేదు. 10వ తేదీ రాత్రి 11.40కి చంద్రోదయం అయిందనుకోండి. తర్వాతి చంద్రోదయం ఇంకో 24 గంటల 50 నిమిషాలకు, అంటే 12.30కి. అప్పటికి 12వ తేదీ వచ్చేసింది. మధ్యలో 11వ తేదీకి చంద్రోదయమే లేదు. ప్రతి చాంద్రమాసంలోనూ బహుళ అష్టమి దగ్గర ఇలా ఒక ఖాళీ వస్తుంది. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ఆ ఖాళీ అమావాస్య దగ్గరికి జరుగుతుంది. పంచాంగంలో శనివారం కింద "రా. 12.30" అని ఉంటే అది శనివారం రాత్రే, తేదీ మారినా సరే. కథలో ఇలాంటి వేళ రాసేటప్పుడు "శనివారం అర్ధరాత్రి దాటాక" అనండి, గొడవుండదు. ఒకవేళ మీ క్యాలెండర్ హైదరాబాద్ వేళలతో వేసినదైతే, విశాఖలో చంద్రుడు సుమారు 20 నిమిషాలు ముందే వస్తాడు.