హలాల్ ఆహారం మీద పీహెచ్‌డీకి ఏ అంశం తీసుకోవాలి?

తిరుపతిలో పీహెచ్‌డీలో చేరుతున్నానని, హలాల్ ఆహారం మీద పరిశోధనలు ఇప్పుడు ఎటు పోతున్నాయో చెప్పమని అడిగారు. నేను ప్రొఫెసర్‌ని కాదు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా క్వాలిటీ ల్యాబ్ చూస్తున్నాను. ఆడిట్ల పుణ్యమా అని ఆ పరిశోధన పేపర్లు చాలానే చదివాను.

మామిడికాయకు హలాల్ ఏంటని మా బంధువులు అడుగుతుంటారు. కాయకు కాదు, గుజ్జును తాకే ప్రతిదానికీ లెక్క చెప్పాలి. ఒక జూన్‌లో గల్ఫ్ ఆర్డర్ కోసం ఆడిటర్ వచ్చారు. సిట్రిక్ యాసిడ్ కాగితాలు, మెషీన్లు కడిగే మందుల కాగితాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గుజ్జు తీసే మెషీన్ (పల్పర్) దగ్గర వంగి, బేరింగ్ గ్రీజు వేలితో తీసి, "ఇందులో ఏ కొవ్వు ఉంది?" అన్నారు. కొన్ని గ్రీజుల్లో జంతువుల కొవ్వు ఉంటుంది, అది పందిదైతే హలాల్ కాదు. మాదేదో మాలో ఎవరికీ తెలీదు. ఆదివారం కావడంతో చెన్నై డీలర్ ఫోన్ ఎత్తలేదు. లైన్ ఆపేశాం. గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ఎండకు కాయ మెత్తబడుతోంది. ఒక పెద్దాయన వచ్చి, "ఏమ్మా, కాయ దించుకుంటారా లేదా?" అని అడిగితే నా నోట మాట రాలేదు. సోమవారం సాయంత్రం జంతువుల కొవ్వు లేదని కంపెనీ ఉత్తరం వచ్చాకే లైన్ మొదలైంది.

రైతుకు అసలే ధర లేదు. 2025లో ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 అన్నారు. ఆ ధరకు కూడా రోజుల తరబడి క్యూలో నిలబడాల్సి వచ్చింది. ఈ బాధ ఏ పరిశోధన పేపర్లోనూ కనిపించదు.

పేపర్లలో కనిపించేది వేరే. యూరప్‌లో 2013లో గొడ్డు మాంసం పేరుతో గుర్రం మాంసం అమ్మిన గొడవ తర్వాత, ఏ జంతువు మాంసమో పీసీఆర్‌తో (డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి చూసే పద్ధతి) పట్టే పరీక్షలకు ఊపొచ్చింది. ఇండోనేషియా 2014లో హలాల్ చట్టం చేసింది. అక్కడా, మలేషియాలోనూ "హలాల్ ముద్ర చూసి కొంటారా?" అనే సర్వేలు కుప్పలుగా వచ్చాయి. దాదాపు అన్నీ, మనిషి ఒక పని ఎందుకు చేయాలనుకుంటాడో చెప్పే 1991 నాటి అజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతం మీదే నడుస్తాయి. ఇప్పుడు సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో మార్చలేని డిజిటల్ చిట్టాలో రాసే బ్లాక్‌చెయిన్, ల్యాబ్‌లో పెంచిన మాంసం వంతు.

సర్వేలు ఇక చాలు. బాగా శుద్ధి చేసిన కొవ్వులో, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌లో డీఎన్ఏ ముక్కలైపోతుంది కాబట్టి పీసీఆర్ తడబడుతుంది. జెలటిన్‌కు పెప్టైడ్ (ప్రొటీన్ ముక్కల) గుర్తులు, కొవ్వుకు ఇన్‌ఫ్రారెడ్ పద్ధతులు ఉన్నాయి గానీ, ఆ మెషీన్లు మాలాంటి ఫ్యాక్టరీ కొనగలిగేవి కావు. గ్రీజులో ఏ కొవ్వుందో మా ల్యాబ్‌లోనే, గంటలో తేలే చవక పరీక్ష మీద పని చేయండి. మాంసం, కొవ్వుల గురించి తెలిసినవాళ్లు మీ తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలోనే ఉన్నారు. గ్రీజు శాంపిళ్లు కావాలంటే సీజన్‌లో రండి, నేనిస్తాను.