పానిక్ అటాక్ వచ్చిన చోటికే మళ్లీ పొమ్మనడం వైద్యమా? నేను పోయొచ్చాను, చెబుతాను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతికి ఉద్యోగానికి వచ్చేవాడివి, ఒకరోజు చంద్రగిరి దగ్గర గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతున్నానన్న భయం, అప్పటినుంచి బస్సు మానేసి ఫ్రెండు బైకు వెనక వస్తున్నావు. డాక్టరేమో ఎక్స్‌పోజర్ థెరపీ అన్నారు, అంటే భయపడే చోటికి మెల్లమెల్లగా మళ్లీ వెళ్లి ఆ భయాన్ని ఎదుర్కోవడం. "భయపడేవాణ్ని మళ్లీ అదే బస్సు ఎక్కించడమేనా వైద్యం? ఉన్న ధైర్యం కూడా పోతే?" అని నీ బాధ. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పుకునేదాన్ని, కానీ అదే వైద్యం చేయించుకున్నదాన్ని.

నాకు మొదటిసారి వచ్చింది 2017లో, తిరుమల కొండ మీద, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో. ఊరి నుంచి చుట్టాలొస్తే వాళ్లతో సర్వదర్శనానికి వెళ్లాను. కంపార్టుమెంటులో కూర్చోబెట్టి గేటు వేశారు, కాసేపటికి పాలు పంచారు. గ్లాసు అందుకున్నానో లేదో చేయి వణికి సగం పాలు చీర మీద పడ్డాయి, నోరు పిడచగట్టుకుపోయింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఆ గేటు తప్ప ఇంకేదీ కనబడలేదు. మా అత్త "ఏమిమే, ఇట్ల అయిపోతాండావు" అని కొంగుతో విసురుతూనే ఉంది. కిందికొచ్చాక ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీసి గ్యాస్ అన్నారు. ఆ ఏడాదిలో అలా నాలుగు ఈసీజీలు అయ్యాయి, దిష్టి తీయడం ఎన్నిసార్లో లెక్కలేదు, పానిక్ అన్న మాట మాత్రం ఒక్కరూ అనలేదు.

అటాక్ కంటే ఆ తర్వాత నేను చేసుకున్నదే నన్ను ఎక్కువ చెడగొట్టింది. మొదట కంపార్టుమెంటు మానేశాను, తర్వాత ఘాట్ రోడ్డు బస్సు, ఎందుకంటే మధ్యలో దిగడానికి ఉండదు కదా, తర్వాత లిఫ్టు, కల్యాణ మండపం, సాయంత్రం పూట గాంధీ రోడ్డు. మానేసిన ప్రతిసారీ హాయిగా ఉండేది, ఆ హాయే మోసం. తిరుపతిలో పుట్టి పెరిగి కొండెక్కలేనిదాన్ని అయ్యాను, అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పేదాన్ని.

చివరికి ఒక సైకియాట్రిస్టు రోజూ వేసుకునే మందు మొదలుపెట్టి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆమె ముందుగా థైరాయిడ్, గుండె పరీక్షల రిపోర్టులు చూశాకే పని మొదలుపెట్టింది, నువ్వు కూడా అవి చేయించుకోకుండా దిగొద్దు. ఇదేమీ కొత్త వైద్యం కాదట. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే ఆమె, కుందేలంటే భయపడే ఒక పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును రోజుకింత దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టిందట. 1958లో జోసెఫ్ వోల్పే అనే డాక్టరు దీన్నే ఒళ్లు వదులు చేసుకోవడంతో కలిపి ఒక పద్ధతిగా పుస్తకం రాశాడు. ఇప్పుడు చాలామంది వదులు చేసుకోవడం కూడా తప్పనిసరి కాదంటున్నారు, భయాన్ని రానివ్వు, వచ్చి ఏం చేస్తుందో చూడు అంటున్నారు.

మొదటి పని బస్సు కాదు, కొబ్బరి బోండాం స్ట్రా. నవ్వొద్దు. ముక్కు మూసుకుని ఆ స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి పీల్చాలి. కొండ మీద వచ్చిన ఆ లక్షణాలనే కావాలని తెప్పించుకుని, వాటివల్ల ఏమీ కాదని చూసుకోవడమన్నమాట. అరనిమిషానికే ఆ కంపార్టుమెంటు ఒంట్లోకి దిగింది. ఇంకోరోజు ఆ సైకాలజిస్టు తన ఎదుటే ఒక నిమిషం గబగబా ఊపిరి తీయించింది, ఇంకోరోజు తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పింది. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఆ తిమ్మిరి గుండెజబ్బు కాదు. నాకు పానిక్‌లో స్పృహ తప్పి పడిపోతానన్న భయం కదా, పానిక్‌లో బీపీ మామూలుగా పెరుగుతుంది, పడిపోవాలంటే తగ్గాలి అంది. (రక్తం, సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లది వేరే లెక్క, వాళ్లకు బీపీ నిజంగానే పడిపోతుంది, వాళ్లకు కండరాలు బిగించడం నేర్పిస్తారు.) ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, గర్భం ఉన్నవాళ్లు ఈ స్ట్రా పని ఇంట్లో సొంతంగా చేయకూడదు.

తర్వాతే బస్సు. బస్టాండు నుంచి అలిపిరి, తర్వాత రేణిగుంట, తర్వాత కొండ. నెలరోజులు తిరిగినా భయం తగ్గదే! ఆమె నా హ్యాండ్‌బ్యాగు టేబుల్ మీద కుమ్మరించమంది. నీళ్ల సీసా, నిమ్మకాయ, ఆందోళన తగ్గించే ఆల్ప్రాజోలం మాత్రల స్ట్రిప్పు, ఫోనులో మా ఆయన నంబరు డయల్ చేసి రెడీగా. పైగా నేను ఎప్పుడూ డోరు పక్క సీట్లోనే కూర్చుంటానని కూడా రాబట్టింది. "మీరు క్షేమంగా దిగింది సీసా వల్ల, డోరు వల్ల అనుకుంటోంది మీ మెదడు, బస్సు ప్రమాదం కాదని దానికి తెలిసే అవకాశమే మీరివ్వలేదు" అంది. ఎప్పుడూ తోడొచ్చే మా ఆయన కూడా సీసాలాంటివాడేనట, ఇది విని ఆయన రెండు రోజులు అలిగాడు. నా మట్టుకు మొత్తం వైద్యంలో పనిచేసిన మాట ఇదే, అంతకు ముందు చేసిందంతా భయానికి టికెట్ కొని తిప్పడమే.

ఒక లాంగ్ నోటుబుక్కులో మూడు గడులు గీయించింది. ఏమవుతుందని భయం, ఎంత శాతం నమ్మకం, నిజంగా ఏమైంది. సప్తగిరి బస్సులో ఒంటరిగా, వెనక ముగ్గురు కూర్చునే సీట్లో మధ్యన కూర్చుని కొండెక్కిన రోజు నేను రాసుకున్నది ఇప్పటికీ ఉంది. "అరుస్తాను, బస్సు ఆపమంటాను: 90." పక్కన "అరవలేదు. వాంతి వచ్చినట్టైంది, రాలేదు. పక్కామె టైమెంతని అడిగింది, చెప్పాను." దాదాపు ముప్పావు గంట ప్రయాణం, మొదటి పది పదిహేను నిమిషాలు నరకం, తర్వాత దానంతటదే దిగింది. ప్రతిసారీ అలా దిగదు, పైకొచ్చేదాకా వణికిన రోజులూ ఉన్నాయి, ఆ రోజుల్లోనూ మూడో గడిలో మాత్రం "అరవలేదు" అనే ఉంది. కంపార్టుమెంటుకు వెళ్లడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఈసారి పాలు తాగాను.

మళ్లీ రాదా అంటే, వచ్చింది. రెండేళ్ల తర్వాత మా ఆడపడుచు కూతురి పెళ్లిలో, తలంబ్రాలప్పుడు. బయటికి పరుగెత్తకుండా కుర్చీ పట్టుకుని కూర్చున్నాను, వారంలోపు మళ్లీ బస్సెక్కడం మొదలుపెట్టాను. రోజూ వేసుకునే మందు డాక్టరే నెలల తరబడి తగ్గించి ఆపారు. ఆల్ప్రాజోలంలాంటివి రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, ఆ పని సొంతంగా చేయొద్దు.

ఇక నీ సంగతి. డబ్బు ఇబ్బందైతే 14416కు ఫోన్ చెయ్, అది టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, దగ్గర్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో అడుగు. ఒకేసారి తిరుపతి దాకా టికెట్ తీసుకోకు, ముందు పూతలపట్టు దాకా తీసుకో, అక్కడ దిగి ఇంకో బస్సులో వెనక్కి వచ్చెయ్. అలా వారంలో కనీసం మూడు నాలుగుసార్లు, నెలకోసారి వీరత్వం చూపిస్తే ఉపయోగం లేదు. ఫ్రెండు బైకు మీద నీ బస్సు వెనకాలే రావడం కుదరదు, వాడూ సీసాయే. దడ బాగా పెరిగినప్పుడు దిగాలనిపిస్తుంది చూడు, అప్పుడే దిగొద్దు, టికెట్ తీసుకున్న స్టాపు దాకా కూర్చో. ఒకవేళ దిగేశావే అనుకో, ఫ్రెండుకు ఫోన్ చేయకు, అక్కడే నిలబడి తర్వాతి బస్సు ఎక్కు.