కబడ్డీ పట్టుతో ఇండియా రగ్బీ జట్టు దాకా

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ ఆడేది, పీఈటీ సార్ రగ్బీలోకి మార్చారు. ఈ ఏడాది రాష్ట్ర జట్టుకు ఆడింది. ఇండియాకు ఆడాలంటే ఏం చేయాలి? చదువు ఓ ఏడాది ఆపమని కొందరంటున్నారు.
- ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: చదువు ఆపకండమ్మా. ఈ వయసులో రోజుకు రెండు, రెండున్నర గంటల సాధన చాలు. కేంద్రం 2020లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల జాబితాలో రగ్బీని చేర్చింది కానీ, పోస్టుకు కావలసిన చదువు ఉంటేనే ఆట సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. ఆటతోనే ఇల్లు గడిచే రోజులు అమ్మాయిలకు ఇంకా రాలేదు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది, అయితే అది మగవాళ్ల లీగ్.

మీ అమ్మాయి గురి పెట్టాల్సింది సెవెన్స్ మీద. జట్టుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు భాగాలు. ఒలింపిక్స్‌లో, ఆసియా క్రీడల్లో ఉన్నది ఇదే. మన అండర్-18 అమ్మాయిలు 2021లో తాష్కెంట్‌లో ఆసియా రజతం, అండర్-20 జట్టు 2025లో రాజ్‌గిర్‌లో కాంస్యం తెచ్చాయి. ఈ ఆటలో ఒడిశా, బిహార్ పిల్లలదే పైచేయి. బిహార్ అమ్మాయి స్వీటీ కుమారి పరుగు పందేల నుంచి వచ్చి, 2019లో మహిళల రగ్బీ వెబ్‌సైట్ స్క్రమ్ క్వీన్స్ ఇచ్చే అంతర్జాతీయ యువ క్రీడాకారిణి అవార్డుకు ఎంపికైంది. వేరే ఆట నుంచి రావడం లోటేమీ కాదు.

దారి ఇలా ఉంటుంది: జిల్లా, రాష్ట్ర జట్టు, జాతీయ టోర్నీ, అక్కడ సెలెక్టర్ల కంట పడితే జాతీయ క్యాంప్, చివరికి పన్నెండు మంది జట్టు. ఒక్క టోర్నీతో తేలదు, వరుసగా రెండేళ్లు కనబడాలి. రాష్ట్ర సంఘానికి దేశంలో ఈ ఆటను నడిపే సమాఖ్య రగ్బీ ఇండియా గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. డబ్బు కడితే విదేశానికి తీసుకెళ్లి ఇండియా జెర్సీ ఇస్తామనేవాళ్లు అన్ని ఆటల్లోనూ ఉన్నారు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదు.

కబడ్డీ పిల్లలు రగ్బీలో తడబడేది టాకిల్ దగ్గరే, అంటే బంతితో వచ్చేవాళ్లను పట్టి పడేసే దగ్గర. భయం ఉండదు, పట్టు గట్టిగా ఉంటుంది, కానీ అలవాట్లు వేరు. కబడ్డీలో పట్టినవాళ్లను విజిల్ దాకా వదలరు. రగ్బీలో కిందపడేసిన వెంటనే వదిలి, లేచి నిలబడ్డాకే బంతి మీద చెయ్యి వేయాలి, లేకుంటే పెనాల్టీ. చీలమండ కోసం తల దించి దూకితే ఎదుటివాళ్ల మోకాలు తగిలేది తలకే. భుజం తొడకు ఆనాలి, తల పక్కకు ఉండాలి, ఎదురుగా ఎప్పుడూ వద్దు, చేతులు రెండూ చుట్టాలి. ముందు మోకాళ్ల మీద, తర్వాత నడుస్తూ, చివరికి పరుగులో... వారానికి రెండు రోజులు ఈ వరుసలో చేయించమని కోచ్‌ను అడగండి. పాస్ కూడా ఎడమకు వంద, కుడికి వంద రోజూ వేయాలి. ఒకవైపే బాగా వేసే పిల్లను ఎదుటి జట్టు రెండో మ్యాచ్‌కే పసిగడుతుంది.

ఫిట్‌నెస్ చూసుకోవడానికి బ్రాంకో టెస్ట్ ఉంది. 20 మీటర్లు వెళ్లి రావాలి, తర్వాత 40, తర్వాత 60. ఇలా ఆగకుండా ఐదుసార్లు, మొత్తం 1,200 మీటర్లు. ఐదున్నర నిమిషాల లోపు వస్తే మంచి మొదలు, ఐదుకు దగ్గరైతే క్యాంప్‌లో వెనకబడదు. నెలకోసారి టైమ్ రాసిపెట్టండి. ఎంత పరిగెత్తినా టైమ్ తగ్గట్లేదంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 కంటే తక్కువుంటే డాక్టర్ సలహాతో ముందు దాన్ని సరిచేయాలి, అదనపు పరుగు దండగ.

తలకు దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజు ఆట ముగిసినట్టే, ఫైనల్ అయినా సరే. డాక్టర్ సరేననే దాకా, కనీసం మూడు వారాలు, మ్యాచ్ వద్దు.

జనన ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసి, పాస్‌పోర్ట్‌కు ఇప్పుడే దరఖాస్తు చేయండి. క్యాంప్‌కు పిలుపొచ్చాక తిరిగితే సమయం చాలదు. ఇకపై జలుబు మాత్ర, ప్రోటీన్ డబ్బా ఏది కొన్నా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాతో సరిచూశాకే ఇవ్వండి.